పన్నెండు ఊయలలు, ఒక్క నడుము

కంప్యూటర్‌లో బొమ్మ చూసి వస్తువు కొనడం ఇంకా సాహసం కింద లెక్కయ్యే కాలం అది. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, అప్పట్లో మా ఆఫీసులో ఎవరికైనా విదేశం నుంచి పార్సెల్ వచ్చిందంటే విప్పేటప్పుడు నలుగురం చుట్టూ చేరి చూసేవాళ్ళం. డబ్బు కట్టాక వస్తువు వస్తుందో రాదో, వచ్చినా చెప్పినంత ఉంటుందో బొమ్మలో కనిపించినంతే ఉంటుందో ఎవరికీ నమ్మకం ఉండేది కాదు (నా ఫ్లాట్‌లో ఉండే ఒకడు కాఫీ టేబుల్ చవగ్గా దొరికిందని మురిసిపోయి తెప్పిస్తే, అది బొమ్మరింట్లో పెట్టుకునేది, అరచేతిలో పట్టింది). అలాంటి రోజుల్లో నేను ఒకటి కాదు, రెండు కాదు, ఏకంగా పన్నెండు ఊయలలు తెప్పించాను. ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్ళు పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ ఒకచోటికి వచ్చేసరికి నా నవ్వు ఆగిపోతుంది. ఆ చోటు ఎక్కడో మీకే తెలుస్తుంది లెండి.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. న్యూజిలాండ్ వచ్చి చదువు ముగించి, ఆల్బనీలో ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగం సంపాదించి, ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్నాను. మా తెలుగు బృందంలో నా పేరు 'లెక్కల మాస్టారు'. చదివింది లెక్కలు కాదు, చెప్పేది అంతకన్నా కాదు; ఏది కొన్నా పదిమందిని పోగుచేసి, అందరి తరఫునా కలిపి కొని, తగ్గింపు రాబట్టడం నా విద్య. బియ్యం బస్తాల దగ్గర్నుంచి ఇండియాకి ఫోన్ చేసుకునే కార్డుల దాకా అన్నీ నా చేతి మీదుగానే జరిగేవి. ఒకసారి మామిడిపళ్ళ డబ్బాలు పాతిక కలిపి కొని, అందరికీ పంచేలోగా సగం పండి, సగం మురిగి, మా ఫ్లాట్ అంతా వారం రోజులు ఈగలతో కాపురం చేశాం. అయినా నా విద్య మీద నాకు నమ్మకం సడలలేదు. కలిపి కొంటే చవక. అంతే. అందులో అనుమానమేముంది?

మా బృందానికి పెద్ద దిక్కు మా ఊరికే ఇంకో చివర టకానినిలో ఉండే అంకుల్, ఆంటీ. కృష్ణా జిల్లా వాళ్ళు. మాకందరికంటే పదేళ్ళు ముందే ఈ దేశం వచ్చారు. అక్కడ ఇంజనీరుగా చేసిన మనిషి ఇక్కడ మొదట్లో గోడౌన్‌లో పెట్టెలు మోశాడు. ఆ పెట్టెల్లో ఒకటి ఆయన నడుముని శాశ్వతంగా పట్టుకుంది. ఎవరు కొత్తగా దిగినా ఎయిర్‌పోర్టుకి ఆయన కారే వచ్చేది. నేను దిగినప్పుడూ అంతే. నా రెండు పెద్ద సూట్‌కేసులూ ఆయనే ఎత్తబోతుంటే ఆంటీ "మీ నడుము గుర్తుందా అండీ?" అని కేకేసింది. ఆయన "గుర్తు లేకుండా ఎక్కడికి పోతుందే, వెనకాలే ఉందిగా" అన్నారు. నన్ను ఏరా, ఒరే అని పిలిచే మనిషి ఒకరు ఈ దేశంలోనూ దొరికారని ఆ రోజు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఏటా జనవరిలో, ఇక్కడ వేసవి అప్పుడే, అందరం కలిసి టౌరంగా దగ్గర సముద్రం ఒడ్డుకి క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళం. టెంట్లన్నీ మా కడప మిత్రుడివి. మూడు టెంట్లూ, అరడజను మడతకుర్చీలూ, ఒక పెద్ద గ్యాస్ పొయ్యీ ఉన్నాయి కాబట్టి వాడి పేరు 'టెంట్ హౌస్'. అంకుల్ వంట సామాను కార్లో వేసుకుని వచ్చేవారు. పులిహోర కలిపించేవారు, పేకాటలో మమ్మల్నందర్నీ ఓడించేవారు, కబుర్లు చెప్పేవారు. మేం టెంట్లు వేసుకుని కాళ్ళు చాపే వేళకి మాత్రం ఆంటీని తీసుకుని ఊళ్ళో మోటెల్‌కి వెళ్ళిపోయేవారు. నేల మీద పడుకుంటే మర్నాడు ఆయన్ని ఇద్దరు లేపాల్సి వస్తుంది.

ఆ ఏడు అక్టోబరులో ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాలయ్యాక అంకుల్ ఒక మాట చెప్పారు. అమ్మాయికి బ్రిస్బేన్‌లో ఉద్యోగం స్థిరపడింది, ఇల్లు అమ్మకానికి పెట్టాం, జనవరి ఆఖరుకి మేమూ ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాం అని. అందరం గొల్లుమన్నాం. టెంట్ హౌస్ అయితే తింటున్న అరటిపండు పక్కన పెట్టేశాడు. వాతావరణం తేలిక చేద్దామనేమో ఆయనే అన్నారు: "అన్నీ చూశానురా ఈ దేశంలో. ఒక్కటే మిగిలిపోయింది. మా ఊళ్ళో వేసవి వస్తే డాబా మీద నవ్వారు మంచం వేసుకుని చుక్కలు చూస్తూ పడుకునేవాణ్ణి. ఇక్కడికొచ్చాక ఒక్కసారైనా ఆరుబయట పడుకోలేదు. మీరు సముద్రం పక్కన పడుకుంటుంటే, నేను మోటెల్‌లో సీలింగ్ చూస్తూ పడుకుంటున్నా."

"మీకు ఊయల కడదాం అంకుల్!" అన్నాను నేను. ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ ఆలోచన. "హామక్ అంటారే, రెండు చెట్లకి కట్టేది. నేల తగలదు, నడుముకి బాధ ఉండదు. ఈ జనవరిలో మీరు మాతోనే పడుకుంటారు. నాది పూచీ."

ఆయన మొహం వెలిగింది. "నిజంగానా? గుడ్డది వద్దురోయ్, అందులో పడుకుంటే అరటికాయలా వంగిపోతాం. రెండు చివర్లా కర్ర ఉండి, పరుపులా పరుచుకునేది ఉంటుంది చూడు, అది" అన్నారు. అంటే అంతకుముందే ఎక్కడో చూసుకున్నారన్నమాట. అడగడానికి మొహమాటపడ్డారు.

మర్నాడే ఆల్బనీ మాల్‌లో క్యాంపింగ్ సామాన్ల కొట్టుకి వెళ్ళాను. ఉంది. అచ్చం ఆయన చెప్పినలాంటిదే, కర్రలతో సహా. ధర నూట తొంభై తొమ్మిది డాలర్లు. అక్కడ, ఆ క్షణంలో, జేబులోంచి కార్డు తీసి ఆ ఊయల కొనేసుంటే నేనీ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ లెక్కల మాస్టారు రెండొందలు పోసి ఊయల కొంటాడా? కొట్టువాడి వైపు జాలిగా చూసి బయటికొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గంటలో థాయ్‌లాండ్‌లో ఒకతను దొరికాడు. అదే ఊయల, మన డాలర్లలో యాభై. పోస్టు ఖర్చు ముప్ఫై అయిదు. మొత్తం ఎనభై అయిదు. అక్కడైనా ఆగానా? లేదు. పన్నెండు తీసుకుంటే ఒక్కోటి నలభై అయిదుకే ఇస్తానన్నాడు. అన్నీ ఒకే పెట్టెలో వేస్తే పోస్టు ఖర్చు మనిషికి పదిహేను పడుతుంది. అంటే అరవై డాలర్లకే ఊయల! మనిషికి పాతిక ఆదా! వెంటనే కాగితం, కలం తీశాను.

"చూడప్పా," అన్నాడు టెంట్ హౌస్, నేను పేర్లు రాసుకోవడం మొదలుపెట్టగానే. "ముందు అంకుల్‌ది ఒకటి తెప్పిచ్చు. మిగిలినోల్లకి ఊయల లేకుంటే ఏం కొంప మునగదు గదా. ఏంటికి ఇంత కత?"

"నీకు వ్యాపారం తెలీదు" అన్నాను. టెంట్ హౌస్ అని పేరున్నవాడితో ఆ మాటన్నాను.

పన్నెండు మందిని పోగుచెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒకరికి నీలం రంగు కావాలి, ఒకరికి భార్యనడగాలి, ఇంకొకరు తీసుకుంటానని, వద్దని, మళ్ళీ తీసుకుంటానని. హామిల్టన్‌లో ఉండే ఒకాయన పెరట్లో చెట్లే లేవు, అయినా చవకని ఒకటి చెప్పాడు. పన్నెండోది ఎవరూ దొరక్క నేనే రెండోది తీసుకున్నాను. ఈలోగా థాయ్‌లాండ్ అతను రోజూ మెయిల్ రాసేవాడు, ప్రతి మెయిల్లోనూ నన్ను ప్రియమిత్రమా అనేవాడు. చివరి మెయిల్లో ఒక ప్రశ్న అడిగాడు: ప్రియమిత్రమా, పార్సెల్ మీద బహుమతి అని రాసి, విలువ పది డాలర్లని వెయ్యమంటావా?

ఇక్కడ నేను మా వాళ్ళందరి సలహా తీసుకున్నాను. ఒక్కడైనా వద్దన్నాడా? "రాయించు, అందరూ అదే చేస్తారు" అన్నారు. పెళ్ళికి వెళ్ళొస్తూ నగలు మెళ్ళో వేసుకుని విమానం దిగే జాతి మనది. బహుమతి అన్న మాట మనకి మంత్రం. టెంట్ హౌస్ మాత్రం "పన్నెండు ఊయలలు బహుమతి అంటే ఎవురు నమ్ముతారప్పా?" అన్నాడు. వాడి మాట ఎవరు వింటారు? రాయించాను.

నవంబరు చివర్లో ఉత్తరం వచ్చింది. కస్టమ్స్ వాళ్ళ నుంచి. అందులో మర్యాదగా ఉన్న సంగతి ఏమిటంటే, మీ పెట్టె మా దగ్గరుంది. దాని విలువ మీద మాకు సందేహం ఉంది. మీరు నిజంగా కట్టిన డబ్బుకి రుజువు పంపండి. పైగా ఇందులో కర్రలున్నాయి, పురుగూ పుట్రా ఉన్నాయేమో వేరే వాళ్ళు తనిఖీ చేస్తారు, దాని రుసుము వేరు. నేను వెంటనే ఫోన్ చేశాను. అవతల ఒకావిడ, గొంతు వింటే మా ఆంటీ వయసు ఉంటుంది, చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఈ పన్నెండు ఊయలలూ మీకు బహుమతిగా పంపిందెవరండీ?" అని అడిగింది.

"నా స్నేహితుడు" అన్నాను.

"ఆయన పేరేమిటి?"

నాకు పేరు గుర్తు రాలేదు. ప్రియమిత్రమా అని వాడు నన్ను పిలిచాడే గానీ, వాణ్ణి నేను ఏమని పిలవాలో ఎప్పుడూ చూసుకోలేదు. అవతల చిన్న దగ్గు వినిపించింది. నవ్వాపుకుంటోందని నాకు తెలిసింది. తర్వాత ఆవిడే జాలిపడి లెక్క వివరించింది. వస్తువు మీద సుంకం. ఆ సుంకం, వస్తువు ధర, పోస్టు ఖర్చు మూడూ కలిపి, వాటి మీద మళ్ళీ అమ్మకం పన్ను. "పోస్టు ఖర్చు మీద కూడా పన్నా? పన్ను మీద పన్నా?" అని అరిచినంత పని చేశాను. "అవునండీ" అంది ఆవిడ. ఆ పైన కాగితాలు చూసే రుసుము, కర్రల తనిఖీ రుసుము. చివర్లో ఇంకో మాట కూడా చెప్పింది, అది మాత్రం చెప్పకుండా ఉంటే బాగుండేది. "ఒక్కటే తెప్పించుకుని ఉంటే ఈ పన్నులేవీ పడేవి కాదండీ. అంత చిన్న మొత్తాలు మేం వసూలు చెయ్యం. పన్నెండూ ఒకే పెట్టెలో పెట్టారు కాబట్టే వచ్చింది."

మొత్తం రెండొందల డెబ్భై ఆరు డాలర్లు. పన్నెండు ఊయలలకి పంచితే ఒక్కోదానికి ఇరవై మూడు. ఇద్దరు బయట భోజనం చేస్తే అయ్యే ఖర్చు. అప్పుడే కట్టేసి, అందరికీ ఫోన్ చేసి "నా తప్పే, ఇంకో ఇరవై మూడు వెయ్యండి" అనుంటే డిసెంబరు రెండో వారానికల్లా పెట్టె నా చేతికి వచ్చేది. కానీ ఆ ఒక్క ఫోన్ చెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ పైసా ఎక్కువ కానివ్వని మనిషినే! మామిడిపళ్ళు మురిగినా ధర తగ్గిందని గర్వపడ్డవాణ్ణి! అందుకని వాదనకి దిగాను. ఉత్తరం మీద ఉత్తరం రాశాను. పోస్టు ఖర్చు వస్తువు కాదని ఒకటి, ఇవి వేరు వేరు ఇళ్ళవని ఒకటి, కర్రలు కర్రలు కావు, ఊయలలో భాగమని ఒకటి. ప్రతిదానికీ నాలుగు రోజుల్లో మర్యాదగా జవాబు వచ్చేది, మొత్తం మాత్రం మారేది కాదు.

"ఆ డబ్బంతా నేనేస్తా, ముందు కట్టేయప్పా" అన్నాడు టెంట్ హౌస్ ఒకరోజు, నిజంగా కోపమొచ్చి. "అంకుల్ పోయేది వచ్చే నెల. నీకు తెలుస్తాండాదా?"

"ఇది డబ్బు సంగతి కాదురా, పద్ధతి సంగతి" అన్నాను. ఇప్పుడు ఆ ముక్క తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పద్ధతట పద్ధతి! బహుమతి అని అబద్ధం రాయించినవాడికి పద్ధతి.

అంకుల్ మాత్రం వారానికోసారి ఫోన్ చేసేవారు. "ఏరా, మన ఊయల ఎంతదాకా వచ్చింది?" "దారిలో ఉందంకుల్." "పడవలోనా, విమానంలోనా?" "దగ్గరికొచ్చేసింది అంకుల్." దగ్గరికి వచ్చిన మాట నిజమే. వాళ్ళింటికి పావుగంట దూరంలో, ఎయిర్‌పోర్టు పక్క గోడౌన్‌లోనే ఉంది. అది మాత్రం చెప్పలేదు.

డిసెంబరు ఇరవై దాటాక, ఇక వాదించడానికి కొత్త కారణాలేవీ మిగలక, డబ్బు కట్టాను. అప్పటికి ఈ దేశం మొత్తం క్రిస్మస్ సెలవులకి తాళాలు వేసుకుంటోంది. కర్రలు చూసే తనిఖీ ఇక జనవరి మధ్యలోనే అన్నారు. మా క్యాంపింగ్ జనవరి రెండో వారం. ఆల్బనీ కొట్టుకి పరిగెత్తాను, ఆ నూట తొంభై తొమ్మిది డాలర్ల ఊయల కోసం. కొట్టువాడు ఖాళీ కొక్కెం చూపించి, క్రిస్మస్‌కే అయిపోయాయన్నాడు. ఈసారి జాలిగా చూసింది అతను.

క్యాంపింగ్‌కి వెళ్ళిన రోజు మేమింకా కార్లు ఆపుతుండగానే అంకుల్ పొహుటుకావా చెట్ల కింద తిరుగుతున్నారు. వంగిన కొమ్మల్తో, సముద్రం మీదికి ఒరిగి ఉంటాయవి. రెండు చెట్ల మధ్య అడుగులు లెక్కపెట్టి, "ఆరడుగుల కన్నా ఎక్కువే! ఇదే నా చోటు, ఎవడూ ఇక్కడ టెంట్ వెయ్యకండి" అని కేకేశారు. తర్వాత నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, "ఏదిరా, పెట్టు బయట" అన్నారు.

"కస్టమ్స్ వాళ్ళు ఆపేశారంకుల్. వాళ్ళే లేటు చేశారు. నేనెంత పోరాడానో!" అన్నాను. పోరాడిన మాట నిజం. లేటు చేసిందెవరో మాత్రం మింగేశాను. టెంట్ హౌస్ నా వైపు ఒకసారి చూసి, టెంట్ మేకులు కొట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

అంకుల్ చెయ్యి నా భుజం మీద అలాగే ఉంది. "పోనీలేరా, వాళ్ళ పని వాళ్ళది" అన్నారు. ఆ తర్వాత ఆంటీ వైపు తిరిగి కాస్త గొంతు తగ్గించి, "మోటెల్ వద్దని చెప్పేశాం కదూ?" అన్నారు. ఊయల వస్తోంది కదా అని మోటెల్ మానేశారన్నమాట. జనవరిలో సముద్రం ఒడ్డున ఊరంతా వెతికినా ఒక్క గది దొరకదు. టెంట్ హౌస్ నాలుగుచోట్లకి ఫోన్ చేశాడు. లాభం లేకపోయింది.

తెల్లవారి నేను లేచేసరికి సముద్రం మీద వెలుగు పడుతోంది. అంకుల్ కారు ఒడ్డుకి ఎదురుగా పెట్టి ఉంది. ముందు సీటు వెనక్కి వాల్చి, నడుము కింద రెండు తువ్వాళ్ళు మడిచి పెట్టుకుని, కిటికీ దించి, ఆయన పడుకుని ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి నవ్వారు. "ఊయల కన్నా ఇదే మేలురా. దొర్లి కింద పడే భయం లేదు. చుక్కలు కూడా కనిపించాయి, అద్దంలోంచి, ఒక పది దాకా" అన్నారు. తర్వాత దిగబోయారు. ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, ఆగిపోయారు. నేను చెయ్యి ఇవ్వబోతే వద్దని తలూపారు. అలా సగం లేచి, సగం వంగి ఎంతసేపున్నారో తెలీదు. నిమిషమేమో. ఆ నిమిషంలో నాకు ఇరవై మూడు డాలర్లు గుర్తొచ్చాయి, నా ఉత్తరాలు గుర్తొచ్చాయి, సిగ్గుతో చచ్చిపోయాను. తిరుగు ప్రయాణంలో ఆయన కారు టెంట్ హౌస్ నడిపాడు.

జనవరి ఆఖరున ఎయిర్‌పోర్టులో వాళ్ళని సాగనంపుతుంటే ఆంటీ నన్ను పక్కకి పిలిచి నవ్వుతూ చెప్పింది: "నీ ఊయల మీ అంకుల్‌ని ఎన్ని తిప్పలు పెట్టిందో తెలుసా నాన్నా? ఎక్కడం, దిగడం రావాలి కదా అని నా పాత చీర గరాజ్‌లో దూలానికి కట్టి నెల్లాళ్ళు ప్రాక్టీసు చేశారు. చంటిపిల్లాడికి కట్టినట్టు! ఎవరికీ చెప్పొద్దన్నారు. ఒకరోజు నేను వెళ్ళేసరికి అందులోంచి దిగడం రాక, నేను వచ్చేదాకా పడుకునే ఉన్నారు." ఆవిడ నవ్వుతోంది. నేనూ నవ్వాలని చూశాను. చెప్పాను కదా, ఒకచోట నా నవ్వు ఆగిపోతుందని. ఇదే ఆ చోటు.

ఊయలలు ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చాయి. కర్రల మీద తనిఖీ ముద్రలతో, కొత్త పెళ్ళికొడుకుల్లా. రాత్రింబవళ్ళు పడ్డ శ్రమకి ఫలితం ఏమిటా అని లెక్క వేశాను: నలభై అయిదు, పదిహేను, ఇరవై మూడు, మొత్తం ఎనభై మూడు. విడిగా తెప్పించుకుంటే ఎనభై అయిదు. మనిషికి రెండు డాలర్లు ఆదా చేశాను. పంచితే ఎవరికీ పెద్ద ఉత్సాహం లేదు, వేసవి అయిపోవచ్చింది కదా. ఒకావిడ దాని మీద వడియాలు ఆరబెట్టుకుంది. హామిల్టన్ ఆయన ఒక చివర కంచెకీ, రెండో చివర తన కారుకీ కట్టి పడుకుంటే, భార్య చూసుకోకుండా కారు తీసింది (పెద్ద దెబ్బలేం తగల్లేదు, కానీ మాట్లాడుకోవడానికి వారం పట్టింది). అంకుల్‌ది మాత్రం ప్లాస్టిక్ కవరు విప్పకుండా నా దగ్గరే ఉండిపోయింది. పంపుదామంటే పోస్టు ఖర్చు, ఆ దేశం పన్ను... ఊహూఁ, అది కారణం కాదు. ఏ మొహం పెట్టుకుని పంపాలి?

ఫ్లాట్లు మారాను, పెళ్ళయింది, కూతురు పుట్టింది, చివరికి టకానినిలోనే ఇల్లు కొనుక్కున్నాను. ఊయల నాతోపాటు అన్ని గరాజ్‌లూ తిరిగింది. మొన్నీమధ్య మా అమ్మాయి ఆన్‌లైన్‌లో ఏదో కొంటుంటే పక్కన కూర్చున్నాను. కట్టేచోటే పన్ను కూడా కలిసి కనిపించింది. "ఇది చూశావా, పన్ను!" అన్నాను అలవాటుకొద్దీ. "సో వాట్ డాడీ, ఇట్స్ జస్ట్ టాక్స్" అని నొక్కేసింది. అర నిమిషం పట్టలేదు. నేను లేచి గరాజ్‌లోకి వెళ్ళి ఆ కవరు దుమ్ము దులిపాను. ఆ పై నెల ఆఫీసు పని మీద బ్రిస్బేన్ వెళ్ళాల్సి ఉంది.

విమానంలో ఇచ్చిన కస్టమ్స్ కార్డు మీద అన్నీ రాశాను. కర్ర వస్తువు ఉంది: అవును. తెచ్చింది చూపించాల్సినవాళ్ళ కోసం ఎర్ర అక్షరాలు రాసిన వరసలో నిలబడి, ఊయల తీసి బల్ల మీద పెట్టాను. ఆఫీసరు కుర్రాడు ముద్రలు చూసి, కర్రలు తిప్పి చూసి, "కొత్తదా?" అన్నాడు. "పాతదే, ఒక్కసారీ వాడలేదు" అన్నాను. "ఎవరి కోసం?" అన్నాడు. "బహుమతి" అన్నాను. ఈసారి నిజం. ఎంత కట్టాలని అడిగితే, ఏమీ లేదు వెళ్ళమన్నాడు.

అంకుల్ చిక్కిపోయారు. చేతిలో కర్ర. ఊయల చూడగానే ఆయన మొహం, ఆ అక్టోబరు ఆదివారం నాటిలాగే, వెలిగింది. ఆంటీ మాత్రం "అయ్యో నాన్నా, పోయినేడు ఆయనకి వెన్నుకి ఆపరేషన్ అయింది. గట్టి చెక్క మీద తప్ప పడుకోకూడదన్నారు" అంది. నేను ఊయల పట్టుకుని నిలబడిపోయాను. ఆయన కర్రతో వెనక వరండా స్తంభాలు చూపించి, "ఎప్పుడో అడుగులు లెక్కపెట్టుకున్నా, సరిపోతుంది. కట్టరా" అన్నారు. కట్టాను. "ఇప్పుడు నువ్వెక్కు" అన్నారు. వద్దంటే వినలేదు. నలభై దాటిన మనిషిని, పొట్టతో సహా, ఎక్కి పడుకున్నాను. ఆయన పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక చేత్తో అంచు పట్టుకుని, మెల్లిగా ఊపడం మొదలుపెట్టారు.

"ఎలా ఉందిరా?"

"బాగుందంకుల్." పైకప్పు వైపే చూస్తూ చెప్పేశాను. "అంకుల్, అప్పుడు లేటు చేసింది వాళ్ళు కాదు. నేనే. ఇరవై మూడు డాలర్లు ఎక్కువయ్యాయని ఎవరికీ చెప్పలేక, మూడు వారాలు కూర్చుని ఉత్తరాలు రాశాను."

"తెలుసురా. ఆ రోజు కారు నడుపుతూ టెంట్ హౌస్ చెప్పాడు" అన్నారు ఆయన. ఊపుతున్న చెయ్యి ఆగలేదు. "నన్నడిగితే ఆ పన్నెండింటికీ నేనే కట్టేసేవాణ్ణి కదరా, లెక్కల మాస్టారూ. ఇంకా ఊపనా, చాలా?"

ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాణ్ణి తల్చుకుంటే, ముందు కంప్యూటర్, వెనక పది మంది, నోట్లో పద్ధతి అన్న ముక్క, నాకే నవ్వొచ్చింది.

"ఇంకొంచెం అంకుల్" అన్నాను.